బండి వెనక కొక్కెం

నవంబరు 3, ఆదివారం

మా అమ్మాయి ధన నీళ్ళలోంచి బయటికి రాగానే తడి బట్టలతోనే నన్ను వాటేసుకుంది. భీమిలి దగ్గర, గోస్తని సముద్రంలో కలిసేచోట, అలలేని నీళ్ళ మీద ఇవాళ తనూ రాణీ మొదటిసారి జంటగా తెడ్డు వేశారు. క్లబ్బువాళ్ళు తెప్పించిన కొత్త కయాక్. ఇద్దరు ముందూ వెనకా కూర్చునే సన్నటి పొడుగు పడవ. ఒడ్డున కాలక్షేపానికి వచ్చినవాళ్ళు కూడా మాటలాపి చూశారు.

రాణి అప్పలరాజు కూతురు. పిల్లలు నీళ్ళలో ఉన్న పూట అప్పలరాజు వేట మానుకుని వచ్చి కాపలా పడవ నడుపుతాడు. ఎవరు బోల్తాపడ్డా వాళ్ళ దగ్గరికి మొదట చేరేది అతనే. ఇవాళ కూతుర్ని చూస్తూ ఇంజను ఆపేసి అలాగే నిలబడిపోయాడు. నేను చూడటం చూసి సిగ్గుపడ్డాడు.

వచ్చే నెల పదిహేనున తాటిపూడి రిజర్వాయర్‌లో రాష్ట్ర జట్టుకి ఎంపికలు. పడవలు ఎవరికి వారే తెచ్చుకోవాలి. క్లబ్బు సెక్రటరీ కొండలరావుగారు నావైపు తిరిగి, "మీకు ఏడు సీట్ల బండి ఉంది గదమ్మా" అన్నారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు.

"అది నాకొగ్గీ బావా. నాను సూసుకుంతాను."

నవంబరు 5

బండితో ఇచ్చిన పుస్తకం తీసి చదివాను. పైకప్పు మీద రెండు వైపులా రెయిళ్ళు ఉన్నాయి కదా, వాటికి అడ్డంగా రెండు కడ్డీలు బిగిస్తే పడవని బోర్లించి కట్టుకోవచ్చు. పైకప్పు మొయ్యగలిగిన బరువులో ఆ పడవ సగం కూడా లేదు. మన రెయిలు మందానికి సరిపోయే క్లాంపులు దొరకాలి, అంతే.

అన్నం వడ్డిస్తూ చెప్పాను.

"నెత్తిమీద కట్టుకుని ఎల్లడానికి అదేటి, సారె మంచమా?" అన్నారు. "ట్రైలర్ పెడదాం. ఎనకాల హిచ్ బిగించీసి తగిలించీడమే. ఒక్కటి ఏటికి? క్లబ్బు పడవలన్నీ ఒకేసారి ఎల్తాయి."

అదే పుస్తకంలో ఇంకో పేజీలో, ఈ బండి ట్రైలర్ లాగడానికి కాదని రాసి ఉంది. వేలు పెట్టి చూపించాను.

"ఇది రాసినోడు రోలింగ్ మిల్లు సూసినాడేటి?"

ఈయన ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో మేనేజరు. మా ఇంట్లో గోడకి మేకు ఊడినా ఆ మిల్లు వచ్చి తీరుతుంది.

నవంబరు 8

హిచ్. అన్నం దగ్గర హిచ్, టీ దగ్గర హిచ్. హిచ్ అంటే కొక్కెం. కొక్కెం అంటే ఆయనకి చిన్నతనంగా ఉంటుంది.

నవంబరు 10, ఆదివారం

డాబాగార్డెన్స్‌లో కార్ల సామాన్ల షాపుకి వెళ్ళాం. షాపతను బండి చూసి అడ్డకడ్డీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నల్లటి అల్యూమినియం, తాళంతో సహా. ఒకటి చేత్తో ఎత్తి చూశాను. తేలిక. రెయిలుకి పెట్టి చూపించాడు, దానికోసమే పుట్టినట్టు కూర్చుంది.

"మరి హిచ్?" అన్నారు ఈయన.

"ఈ బండికి రాదు సార్. జీపులకి వత్తాయి. అవి దీనికి కలవవు."

"కలవకపోతే కలుపుతాం."

"మరి మీ ఇష్టం సార్."

"కడ్డీలు తీసుకుందామండీ, పిల్లల పడవకి ఇవి చాలు" అన్నాను. షాపతను నా మాట విని పెట్టె తెరిచాడు. ఈయన మూశారు.

తిరిగి వస్తూ జగదాంబ సెంటర్లో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "పదిమందిలో నా మాటకి మాట అడ్డు పెట్టకు గౌరీ" అన్నారు. అక్కడ పదిమంది లేరు. షాపతను ఒక్కడే ఉన్నాడు.

కొత్త సంవత్సరంలో క్లబ్బుకి ప్రెసిడెంటుని ఎన్నుకుంటారట. ఈయన నిలబడుతున్నారట. ఈ మాట నాకు కొండలరావుగారి భార్య చెప్పింది. అభినందనలు కూడా చెప్పింది. తెలిసినట్టే నవ్వాను.

నవంబరు 13

ఆయనకి తెలుసు. ఇన్నేళ్ళు ఉక్కుతో బతికిన మనిషి. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకునేదాన్ని.

నవంబరు 17, ఆదివారం

బిగించారు. ఆటోనగర్‌లో గురువులు అనే వెల్డర్ చేత, బొమ్మ ఈయనే గీసి ఇచ్చి చేయించారు. రెండు చక్రాల ట్రైలర్ కూడా అక్కడే కట్టించారు. గురువులు ప్రతిదానికీ ఒకటే మాట. "అవుద్ది సార్. మీరెలాగంటే అలాగే."

వంగి చూశాను. కొక్కెం ప్లేటు బంపర్ వెనకున్న పలచటి రేకుకి వెల్డింగ్‌తో పట్టి ఉంది. "ఇది బండి ఛాసిస్‌కి కదండీ పట్టాల్సింది?" అన్నాను.

"అక్కడికి ఎక్కించాలంటే బంపర్ కొయ్యాల. అందం పోతాది. ఈ ప్లేటు సాలు."

సాయంత్రం మధురవాడలో మా అపార్ట్‌మెంటు మొత్తం సెల్లారులోకి దిగి చూసింది. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టారు. బొటనవేళ్ళు వరసకట్టాయి. కొండలరావుగారు "లీడర్ అంటే మా బావ" అని రాశారు. ధన కూడా గుండె బొమ్మ పెట్టింది. నేనూ పెట్టాను, పెట్టకపోతే అడుగుతారని.

నవంబరు 20

పోలీసులు ఆపుతారేమో అన్నాను. ఆపితే ఫోన్ చెయ్యడానికి మనుషులున్నారట.

నవంబరు 24, ఆదివారం

జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

తాటిపూడి నీళ్ళు అలవాటు కావాలని ప్రాక్టీసుకి బయల్దేరాం. ట్రైలర్ మీద పిల్లల పొడుగు పడవ, చిన్నవి ఇంకో మూడు. అప్పలరాజు వలలకి వాడే నైలాన్ తాడు తెచ్చుకుని ముందువైపు, వెనకవైపు, నడుముకి కట్టాడు. కట్టి పడవ పట్టుకుని ఊపితే ట్రైలర్ ఊగింది గానీ పడవ కదల్లేదు. ఆయన డ్రైవింగ్. పక్కన నేను. మధ్య సీట్లో ధన, రాణి. వాళ్ళ వెనక అప్పలరాజు, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని.

ఆనందపురం దాటేదాకా బాగానే ఉంది. పిల్లలిద్దరూ ఒక జత ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకుని తలలూపుతున్నారు. తర్వాత వెనక నుంచి టకటకమని చప్పుడు మొదలైంది.

"సార్, కొంచిం నెమ్మదిగెల్లండి. ఎనకాలది ఊగుతంది" అన్నాడు అప్పలరాజు.

"నాకు తెలుసులేవోయ్."

స్పీడ్ బ్రేకర్ వచ్చింది. దానికి రంగు లేదు, ఎవరికీ కనపడలేదు. బండి ఎగిరి పడింది. ఆ వెంటనే వెనక బరువు పోయింది. అది చూడక్కర్లేదు, ఒంటికి తెలిసిపోయింది.

ట్రైలర్ మమ్మల్ని వదిలి దానంతట అది రోడ్డుకి అడ్డంగా వెళ్ళిపోయింది. ఎదురుగా స్కూటీ మీద భార్యాభర్తలు, మధ్యలో చంటిబిడ్డ. అతను స్కూటీని మట్టిలోకి దింపేశాడు. ట్రైలర్ వాళ్ళ ముందు నుంచే జారి జీడితోట పక్క గోతిలో పడింది. బండి ఆగగానే ఆ బిడ్డ ఏడుపు వైపు పరిగెత్తాను. ముగ్గురికీ దెబ్బల్లేవు. ఆమె చెప్పు ఒకటి రోడ్డు మీద ఉండిపోతే రాణి తీసుకెళ్ళి కాళ్ళ దగ్గర పెట్టింది.

గోతిలోకి దిగాను. ట్రైలర్ తిరగబడి ఉంది. పిల్లల పడవ నడుము దగ్గర విరిగిపోయింది. విరిగిన రెండు ముక్కలూ కట్టినచోటే ఉన్నాయి. తాళ్ళు బిగువు మీదే ఉన్నాయి, వేలు దూర్చి చూశాను. ట్రైలర్ మూతికి మాత్రం మా బండి కొక్కెం, ప్లేటుతో సహా ఊడొచ్చి వేలాడుతోంది. వెల్డింగ్ విడిపోయినచోట ఉక్కు తెల్లగా మెరుస్తోంది.

ఇది నేను చూశాను. ఇంత దగ్గర నుంచి చూశాను.

ఆయన గట్టు మీద నుంచే అడిగారు. మొదటి మాట అదే.

"తాడెవడు కట్టినాడు?"

అప్పలరాజు రెండు చేతులతో పడవ విరిగిన కొసని ఎత్తి పట్టుకుని ఉన్నాడు, దింపితే దానికి నొప్పెడుతుందన్నట్టు.

"నానే సార్" అన్నాడు.

నవంబరు 25

కాలేజీకి వెళ్ళాను. క్లాసు చెప్పాను. ఏం చెప్పానో తెలియదు.

నవంబరు 27

ఈయన బాల్కనీలో నిలబడి కొండలరావుగారితో ఫోన్‌లో మాట్లాడుతుంటే వినపడింది.

"తాడు లూజైపోనాది బావా. పడవలన్నీ ఓ పక్కకి జారిపోనాయి. ఆ బరువుకి ట్రైలర్ తిరగబడిపోయి హిచ్చుని పీకీసినాది. మరేటి సేత్తాం, సేపలు పట్టుకున్నోడి సేతికి పని అప్పజెప్పినాం" అన్నాడు.

పైన "అన్నాడు" అని రాశాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈయన్ని కాగితం మీద కూడా అలా అనలేదు. దిద్దబోయి ఊరుకున్నాను.

భయం వల్ల అలా మాట్లాడుతున్నాడు. ఆ చంటిబిడ్డని చూశాడు కదా. భయం తగ్గాక తనే సరిచేసి చెప్తాడు. మనిషి చెడ్డవాడు కాదు.

నవంబరు 30

ధన ప్రాక్టీసు నుంచి తొందరగా వచ్చేసింది. అప్పలరాజుని కాపలా పడవ దగ్గరికి ఇక రావద్దన్నారట. రాణి రాలేదు. ఫోనూ ఎత్తడం లేదు.

వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, నువ్వు గోతిలోకి దిగావు కదా. తాడు తెగిందా?"

కూర కలుపుతున్నాను. కలుపుతూనే ఉన్నాను. "ఆ కంగారులో సరిగ్గా చూడలేదమ్మా" అన్నాను.

కాసేపు నా వీపు చూసి, "సరే" అంది. ఆ సరే ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. వాళ్ళ నాన్నతో నేననే సరే అది.

డిసెంబరు 1

మనిషి చెడ్డవాడు కాదు.

డిసెంబరు 5

కాలేజీ నుంచి వచ్చేసరికి సెల్లారులో బండి ఉంది. దాని వెనక కొత్త కొక్కెం. ఈసారి ప్లేటు అరచేతి మందం. బంపర్ కోయించి, అడుగున ఛాసిస్ దాకా తీసుకెళ్ళి బిగించారు. ఆయన గుడ్డతో మసి తుడుస్తున్నాడు.

"తప్పు తాడుదైతే కొక్కెం ఎందుకు మార్చారండీ?"

"ఏటి?"

"అప్పలరాజు సరిగ్గా కట్టలేదన్నారు కదా. కొత్త తాడు తెచ్చుకోవాలి గానీ ఇది ఎందుకు?"

"గట్టిగా మాటాడకు. వాచ్‌మన్ ఉన్నాడు."

లిఫ్టులోకి ఎక్కాక, తలుపులు మూసుకున్నాక, మెల్లగా చెప్పాడు. పిల్లకి లెక్క అర్థం కాకపోతే విడమర్చి చెప్పినట్టు చెప్పాడు.

"ఆడికి పోయిందేటి గౌరీ? ఆడికి సముద్రం ఉంది, వల ఉంది. రేపొద్దున మళ్ళీ వేటకెల్లిపోతాడు. నాకు పదిమందిలో పేరుంది. పోతే మళ్ళీ వత్తాదా?"

మా అంతస్తు వచ్చింది. ముందు ఆయన దిగాడు.

డిసెంబరు 6

ఒకటో తారీఖున రాసిన ఆ వాక్యం ఇవాళ రాయలేకపోయాను.

డిసెంబరు 8, ఆదివారం

క్లబ్బు షెడ్డులో మీటింగ్. ప్లాస్టిక్ కుర్చీలు, సమోసాలు. అప్పలరాజుని కూడా పిలిపించారు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. కుర్చీ ఖాళీ ఉన్నా ఎవరూ కూర్చోమనలేదు, గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రాణి అతని వెనక.

కొండలరావుగారు గొంతు సవరించుకుని, తాడు సరిగ్గా కట్టకపోవడం వల్ల ప్రమాదం జరిగిందనీ, ఇక ముందు పడవలు కట్టే పని బయటివాళ్ళకి ఇవ్వకూడదనీ అన్నారు. రాసుకుందామా అని అందర్నీ చూశారు.

లేచాను. లేస్తానని నాకే తెలియదు.

"తాడు తెగలేదండి. జారలేదు కూడా."

"గౌరీ, కూకో" అన్నాడు ఆయన. "నీకు తెలీదు."

"గోతిలోకి దిగింది నేను. మీరు గట్టు మీద ఉన్నారు." నా గొంతు నాకే సన్నగా, పిల్లగొంతులా వినిపించింది. "తాళ్ళన్నీ కట్టినట్టే ఉన్నాయి. కొక్కెం వెల్డింగ్ దగ్గర విడిపోయింది. రేకుకి బిగించారు దాన్ని. బండి పుస్తకంలో ట్రైలర్ లాగొద్దని ఉంటే నేనే చదివి వినిపించాను. ఇప్పుడు ఛాసిస్‌కి పట్టించి ఇంకోటి పెట్టారు. బండి బయటే ఉంది, వెళ్ళి చూడండి."

ఒక్కరూ లేవలేదు. ఎవరో సమోసా కాగితం మడిచారు.

ఆయన నావైపు చూడకుండా కొండలరావుగారితో, "నిద్రలేక ఇలాగైపోనాది బావా. ఆ రోజునుంచీ ఇదే వరస" అన్నాడు.

అప్పుడు ధన లేచింది. "అమ్మ బాగానే నిద్రపోతోంది అంకుల్" అంది.

కొండలరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. "సరే సరే. పొరపాట్లు అందరికీ ఉంతాయి. దీన్ని ఇక్కడితో ఒగ్గీద్దాం. అప్పలరాజూ, రేపట్నుంచి వచ్చీ."

అంతే. ఎవరి పొరపాటో ఎవరూ అనలేదు.

"నాను రాను బాబూ" అన్నాడు అప్పలరాజు. కోపంగా కాదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నన్ను చూడలేదు. నేను నిజం చెప్పాను కాబట్టి చూస్తాడనుకున్నాను, ఒక్కసారైనా.

డిసెంబరు 9

ఇవాళ ఆయన కంచం తనే పెట్టుకున్నాడు.

డిసెంబరు 11

ధనని తీసుకుని అప్పలరాజు ఇంటికి వెళ్ళాను. భీమిలి రోడ్డు దిగి, ఆరబెట్టిన వలల మధ్య నుంచి నడవాలి. అప్పలరాజు వేటకి వెళ్ళాడు. అతని తల్లి పోతమ్మ అరుగు మీద కూర్చుని ఎండుచేపల మీద కాకుల్ని తోలుతోంది. నేనెవరో చెప్పక్కర్లేకపోయింది.

"రాణి కోసం వచ్చామమ్మా. ఎంపికలు ఈ ఆదివారమే. క్లబ్బువాళ్ళు ఇంకో జంట పడవ చూశారు."

"మీరు నిజిం సెప్పినారంట గదా" అంది ముసలామె. "మంచిదే తల్లీ."

చాప వేయలేదు. నిలబడే ఉన్నాం.

"ఆ మాట గోతికాడే అనుంటే బాగున్ను. ఇన్నాళ్ళూ ఒడ్డున కుర్రోళ్ళు మా ఓడిని సూసి నవ్వినారు. తాడు కట్టడం రానోడు వచ్చీసినాడ్రా అని. వేటకెల్లీ మడిసికి అంతకంటె తిట్టేటుంతాది? మీరు అక్కడ సెప్పినారు, కుర్సీల్లో కూకున్నోళ్ళకి. ఈ ఒడ్డుకాడ ఎవులు సెప్తారు?"

ఒడ్డున ఉన్న కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్తాననాలి. అనలేదు. వెళ్ళాలన్నది కూడా ఇప్పుడు రాస్తుంటే తోస్తోంది.

రాణి గుమ్మంలోకి వచ్చింది. ధన చెయ్యి పట్టుకుంది, వదిలేసింది.

"నీమీద నాకేటీ లేదు ధనా. ఒట్టు. మీ నాన్న సూస్తంటే ఆ పడవలో మాత్రం నాను కూకోను."

"నాన్న రాడు. అమ్మ తీసుకెళ్తుంది."

"మా నాన్న మీ బండిలో ఎనకాల ఎలాగ కూకున్నాడో సూసినావు గదా" అంది రాణి. "నాను ఎక్కలేనే."

తిరిగి వస్తుంటే ధన ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చేదాన్ని.

డిసెంబరు 14

డాబాగార్డెన్స్ షాపుకి ఒక్కదాన్నే వెళ్ళి అడ్డకడ్డీలు కొన్నాను. సెల్లారులో ధన పట్టుకుంటే నేను బిగించాను. క్లాంపులు రెయిలుకి సరిగ్గా కూర్చున్నాయి. పావుగంట పని. ఇంత చిన్న పని. క్లబ్బులో పాత కయాక్ ఒకటి ఇచ్చారు, ఒక్కరు నడిపేది. పైన బోర్లించి ముందూ వెనకా కట్టాం. కొత్త కొక్కెం బండి వెనక అలాగే ఉంది, దానికి తగిలించేది ఏమీ లేదు.

ఆయన బాల్కనీ లోంచి చూశాడు. కిందికి రాలేదు.

డిసెంబరు 15, ఆదివారం

తాటిపూడి. గాలి ఎక్కువగా ఉంది. ఒంటరి పోటీ ధన ఎప్పుడూ చేయలేదు. ముగ్గుర్ని తీసుకున్నారు. ధన నాలుగో స్థానంలో వచ్చింది. పడవ ఒడ్డుకి చేరాక కూడా లేవకుండా తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తల తిప్పి వెనక్కి చూసింది, జంట పడవలో రాణి కూర్చునేవైపు. వెనక నీళ్ళే ఉన్నాయి.

దారిలో శృంగవరపుకోట దగ్గర ఆగి ఇడ్లీ తిన్నాం. ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. నాకు అది బాగానే ఉంది. మాట్లాడితే మళ్ళీ ఏదో ఒక అబద్ధంతో సర్దిచెప్పేదాన్ని.

ఇంట్లో అన్నాల దగ్గర ఆయన తనే కదిపాడు. వారం తర్వాత మొదటి మాటలు.

"ఆ గుంట వచ్చుంటే సెలెక్టయిపోయీవోరు. ఒక్కదానివల్ల ఇంత కష్టం గాలికి పోనాది. సేపలమ్ముకున్నోళ్ళకి అంత పొగరేటో."

ధన ముద్ద కంచంలో పెట్టేసింది.

"నాన్నా, నువ్వు వాళ్ళ ఊరెళ్ళు. ఒడ్డున అందరూ ఉన్నప్పుడు వెళ్ళు. తాడు తెగలేదు, తప్పు నాదీ అని చెప్పు."

"ఎవులు, నానా?"

"నువ్వే. ఒక్కడివే వెళ్ళు."

ఆయన నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది ఆయనకి. నవ్వుతూ నావైపు తిరిగాడు, పిల్ల మాట విన్నావా అన్నట్టు, నేనూ కలుస్తానని.

నేను ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. ధన కూడా చూస్తూ కూర్చుంది. ఆ నవ్వు ఒక్కటే కాసేపు సాగి, దానంతట అదే ఆగిపోయింది. తర్వాత ముగ్గురిలో ఎవరం అన్నం ముట్టుకోలేదు.